నిలువు మరియమ్మ

"చెప్పనంటే చెప్పను. చచ్చిపోయిన మనిషి కబుర్లు ఆ డాక్టరమ్మకెందుకంట?"

నిన్నటి నుంచి ప్రసాదరావు నోట అదే మాట. వసారాలో మంచం మీద గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఎనభై దాటిన మనిషి. చెవులు శుభ్రంగా వినిపిస్తాయి, వినకూడదనుకున్నవి మాత్రం వినిపించవు.

"కాలక్షేపానికి అడగడం లేదు నాన్నా. తమ్ముడి ప్రాణం కోసం అడుగుతుంది," అంది హన్నమ్మ. తాడేపల్లిగూడెంలో పొద్దుటి బండెక్కి దెందులూరులో దిగి, స్టేషన్ నుంచి నడిచి వచ్చింది. చేతిసంచి ఇంకా భుజాన్నే ఉంది. మంచినీళ్ళు కూడా తాగలేదు.

"వాడి ప్రాణానికేమైంది? కణితుందని తెలిసింది గదా. కోసి తీసేస్తారు. మధ్యలో మీ అమ్మెందుకు?"

"మధ్యలో ఉందో లేదో తెలియాలనే కదా అడగడం!"

ప్రసాదరావు గోడతోనే మాట్లాడుతున్నట్టు తల అడ్డంగా ఊపాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆ లెక్కన ఈ పెంకుటింట్లో ఒక చక్రవర్తి ఉన్నాడు.

లోపలి గదిలోంచి హెన్రీ అన్నాడు, "వదిలెయ్ అక్కా. ఆయన్ని ఏడిపించకు."

ఆ గొంతులో నీరసం విని హన్నమ్మ గది వైపు తిరిగింది. తను ఎత్తుకుని పెంచిన పిల్లాడి గొంతు అది. తల్లి లేని పసిగుడ్డుకి మేకపాలు పట్టి, లంగా ఓణీ వయసులోనే తల్లైంది హన్నమ్మ. తర్వాత టీచరు ఉద్యోగం చేసింది, పెళ్ళి చేసుకుంది, తన పిల్లల్ని కంది. కానీ "నీకెంతమంది పిల్లలు?" అని ఎవరైనా అడిగితే ఈనాటికీ హెన్రీతో కలిపే చెప్పబోయి నాలిక్కరుచుకుంటుంది.

హెన్రీకి ఈ జబ్బు నిన్నా మొన్నా వచ్చింది కాదు. కొల్లేరు చెరువుల మీద రొయ్యలకి గాలి కొట్టే మోటార్లు బాగుచేయడం అతని పని. వంగి మోటారు ఎత్తబోతే చాలు, గుండె దడదడలాడేది. తల పగిలిపోయేది. చొక్కా పిండితే నీళ్ళు కారేంత చెమట. మొహం పాలిపోయేది. కాసేపటికి ఏమీ ఎరగనట్టు మామూలు మనిషైపోయేవాడు.

ఊళ్ళో మందులిచ్చే ఆయన గ్యాసన్నాడు. పట్నంలో ఒకాయన టెన్షనని నిద్రమాత్రలు రాశాడు. సంఘపెద్దలు ఇంకో అడుగు ముందుకేసి, చాటుగా తాగుతున్నాడని తేల్చేశారు. చెయ్యి వణుకూ చెమటా వాళ్ళకి సాక్ష్యాలు. ఆదివారం ఆరాధన అయ్యాక ముందుకి పిలిచి, మోకాళ్ళ మీద నిలబెట్టి, నేలకి నుదురు ఆనేలా వంగి క్షమాపణ అడగమన్నారు. పాపం హెన్రీ వంగాడు. వంగినకొద్దీ చెమట పొంగింది, ఒళ్ళంతా వణికింది. "చూశారా, పశ్చాత్తాపం!" అని పెద్దలు హల్లెలూయ చెప్పుకున్నారు. భార్య దీవెన ఆ రోజంతా పొయ్యి వెలిగించలేదు.

చివరికి ఏలూరులో శ్రావ్య అనే చిన్నవయసు డాక్టరమ్మ అతని చేతికి బీపీ పట్టీ కట్టి ఉంచి పొట్ట నొక్కి చూసింది. కుడివైపు, పక్కటెముకల కింద. నొక్కగానే హెన్రీ మొహం సున్నం కొట్టినట్టయింది. మెషీను మీద అంకె చూసి ఆ పిల్ల చటుక్కున చెయ్యి వెనక్కి తీసేసుకుంది.

అప్పటి నుంచి నడిచిన కథంతా పరీక్షల కథే. కాఫీ మానిపించారు. ఒక పగలూ రాత్రీ పోసిన మూత్రమంతా పెద్ద డబ్బాలో పట్టమన్నారు. దీవెన సిగ్గుపడి ఆ డబ్బా మీద తెల్లగుడ్డ కప్పి వాసెన కట్టి పెరట్లో నీడన పెడితే, పక్కింటావిడ వచ్చి "ఆవకాయ ఇంకా ఉందా దీవెనా, కాస్త పెట్టు" అంది. ఆ ఇంట్లో ఈ మధ్యకాలంలో అందరూ కలిసి నవ్వింది ఆ ఒక్కసారే.

ఫలితం వచ్చింది. స్కాన్ తీశారు. మూత్రపిండం నెత్తిన టోపీలా కూర్చునే అడ్రినల్ అనే గ్రంథి ఉంటుందట. దాని మీద నిమ్మకాయంత కణితి.

"క్యాన్సర్ కాదండీ, భయపడకండి. చాలా అరుదైనది. కానీ క్యాన్సర్ కాదు కదా అని వదిలెయ్యడానికి లేదు," అంది డాక్టరమ్మ. "భయపడినప్పుడు ఒంట్లో పుట్టే రసం ఉంటుంది చూడండి, అది ఈ కణితి ఊరికే కుమ్మరిస్తుంది. వంగినా, నొక్కినా, మత్తుమందిచ్చినా ఒక్కసారే బీపీ ఆకాశానికంటుతుంది. అందుకే ముందు మాత్రలతో అదుపులో పెట్టి, తర్వాత విజయవాడలో ఆపరేషన్." ఆ తర్వాత కాగితం మీంచి తలెత్తి అడిగింది, "ఇది కొందరికి వంశంలో వస్తుంది. మీ రక్తసంబంధీకుల్లో ఎవరైనా హఠాత్తుగా పోయారా? ఆపరేషన్లో గానీ, కాన్పులో గానీ?"

హెన్రీ తలొంచుకుని చెప్పాడు, "మా అమ్మండి. నేను పుడుతున్నప్పుడు."

"ఎలా పోయారు? రక్తం పోయిందా, ఫిట్స్ వచ్చాయా, ఇలాగే చెమటలూ దడా వచ్చాయా? తెలిస్తే రెండో పక్క గ్రంథి కూడా చూస్తాం, రక్తపరీక్షకి పంపిస్తాం. కనుక్కుని ఫోన్ చెయ్యండి."

ఎలా పోయిందో ఎరిగిన మనిషి భూమ్మీద ఒక్కడే మిగిలాడు. ఆ ఒక్కడూ గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

*

"మావయ్యగారు చెప్పరు వదినా," అంది దీవెన వంటింట్లో. "నిన్న నేనూ అడిగాను. కంచం ముందునుంచి లేచిపోయారు."

"మరి వీడేమంటున్నాడు?"

"ఏమంటారు! ఆపరేషన్లో పోతే పోతానంటున్నారు. తల్లిని తీసుకుని పుట్టినోడికి ఇన్నాళ్ళు బతకడమే ఎక్కువంట." దీవెన కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మీరే చెప్పండి, ఆ మాట వింటే నాకెలా ఉంటుంది?"

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో హన్నమ్మకి తెలుసు. ఆ ఇంట్లో హెన్రీకి పుట్టినరోజంటూ లేదు. ఆ తారీఖున అమ్మ మరియమ్మ జ్ఞాపకార్థ కూడిక జరిగేది. అయ్యగారు వచ్చి ప్రార్థన చేసేవారు, పాటలు పాడేవారు, అందరికీ భోజనాలు. కొత్తచొక్కా కావాలని చిన్నప్పుడు హెన్రీ ఒకసారి అడిగితే, "ఇవాళ కాదురా" అని తనే నోరు మూయించింది. వాడు మళ్ళీ అడగలేదు.

హెన్రీ కూతురు రమ్య కాఫీ గ్లాసు పట్టుకుని తాత దగ్గరికి వెళ్తోంది. తొలికాన్పు కాబట్టి పురిటికి పుట్టింటికొచ్చింది. నిండు పొట్టతో మెల్లగా, కాళ్ళు ఎడంగా వేసి నడుస్తుంటే హన్నమ్మకి ముచ్చటేసింది.

"తాతయ్యా, కోపం కాఫీ మీద చూపించకండి," అంది రమ్య. ప్రసాదరావు గ్లాసందుకున్నాడు. మనవరాలి మాటకి మాత్రం ఎదురు చెప్పడు.

హన్నమ్మ సంచి దించి వసారా మెట్టు మీద కూర్చుంది. ఎదురుగా రోడ్డవతల పొలాల్లో ఊడ్పులు సాగుతున్నాయి. ఇప్పుడు చాలాచోట్ల మిషన్లొచ్చాయిగానీ, ఆ మడిలో ఆడవాళ్ళే దిగారు. వరసగా వంగిన నడుములు, వెనక్కి వెనక్కి పడుతున్న అడుగులు. అది చూస్తే చాలు, హన్నమ్మకి కొల్లేటి గాలి పీల్చినట్టుంటుంది.

ఏం రోజులవి! అప్పుడు కాపురం లంకలో. చేపల చెరువులింకా తవ్వని కొల్లేరు. కిక్కిస పొదల మధ్య తాటిదోనె వేసుకుని పోతుంటే, పక్కనే గూడబాతులు పెద్దమనుషుల్లా తేలుతూ పోయేవి. నీళ్ళు తగ్గితే పంట, పెరిగితే చేప. లంకలో గుడిసెలు, సాయంత్రమయ్యేసరికి పొగలు, ఆ పొగల్లో మట్టగిడసల పులుసు వాసన. అంత పేదరికంలోనూ అమ్మ ఒళ్ళో పడుకుంటే లోకంలో తనకన్నా ఉన్నవాళ్ళు లేరనిపించేది. అమ్మ చీరకి ఎప్పుడూ తడిమట్టి వాసన. ఆ వాసన కోసం హన్నమ్మ ఇప్పటికీ తొలకరి పడగానే పని మానేసి వాకిట్లో నిలబడుతుంది. ఇంట్లోవాళ్ళు నవ్వుకుంటారు, నవ్వుకోనీ.

ఊడ్పుల్లో ఒక కట్టుబాటు ఉండేది. వరసలో దిగినవాళ్ళు గట్టు చేరేదాకా నడుమెత్తకూడదు. ఒకరు నిలబడితే వరస తెగుతుంది, పక్కవాళ్ళ మీద పని పడుతుంది. అందరూ వంగే ఉండేవారు, అమ్మ తప్ప. మడి సగంలో ఉండగా అమ్మ ఉన్నట్టుండి నిటారుగా నిలబడేది. చేతిలో ఆకుకట్ట, చూపు ఎటో దూరంగా. "అదిగో, నిలువు మరియమ్మ లేచింది!" అని వరసంతా నవ్వేది. ఒళ్ళొంగని మనిషని పేరు పడిపోయింది. మేస్త్రి ఆమెను వరస చివరికి తోసేశాడు.

హన్నమ్మకి మాత్రం అది తెలిసేది కాదు. చద్దన్నం గిన్నె నెత్తిన పెట్టుకుని గట్టు మీద వస్తుంటే, అంత పెద్ద మడిలో అమ్మ ఒక్కతే నిలబడి కనిపించేది. అమ్మ నాకోసం చూస్తోంది అనుకునేది. అందరి అమ్మలూ వంగే ఉంటే, మా అమ్మ ఒక్కతే నేను వస్తున్నానా అని లేచి చూస్తుంది అనుకుని పొంగిపోయేది. ఆ గర్వంతోనే పెరిగింది. తన పిల్లలకీ అలాగే చెప్పుకుంది.

డాక్టరమ్మ ఫోన్లో "వంగితే వస్తుంది, నిటారుగా నిలబడితే కాస్త తేరుకుంటారు" అని చెప్పిన రోజున హన్నమ్మ తాడేపల్లిగూడెంలో తన వంటింట్లో చాలాసేపు నిలబడిపోయింది. అమ్మ తనకోసం లేవలేదు. ఊపిరాడక లేచింది. గుండె గొంతులోకి వచ్చి, కళ్ళు చీకట్లు కమ్మి, ఏమీ కనిపించక అలా దూరంగా చూసింది. జబ్బుకి పేరు దొరికిందని అందరూ సంతోషిస్తుంటే, తన చిన్నతనంలోంచి ఎవరో ఒక మంచి వస్తువు ఎత్తుకుపోయినట్టు ఆమెకి ఏడుపొచ్చింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నాన్నకి చెప్పాలనిపించింది.

"నాన్నా," అంది. "అమ్మ ఊడ్పుల్లో ఎందుకు లేచి నిలబడేదో మీకు తెలుసా?"

ప్రసాదరావు గోడవైపే చూస్తూ కాఫీ తాగుతున్నాడు.

"నేను నాకోసం అనుకునేదాన్ని. కాదంట. తమ్ముడికి వచ్చేదే అమ్మకీ వచ్చేదేమో. వంగితే వస్తుందంట. ఆ డాక్టరమ్మ తమ్ముడి పొట్ట నొక్కితే ఎలా అయిపోయాడో దీవెన చూసింది. మొహాన రక్తం చుక్క లేదంట. నీళ్ళు పోసినట్టు చెమటంట."

కాఫీ గ్లాసు మంచం కోడు పక్కన పెట్టిన చప్పుడైంది.

"నొక్కితేనా?" అన్నాడు ప్రసాదరావు.

"ఆఁ."

"ఎక్కడ నొక్కింది?"

హన్నమ్మ తన పక్కటెముకల కింద చెయ్యి పెట్టి చూపించింది. ఆయన ఇటు తిరిగి ఉన్నాడని అప్పుడు గమనించింది. ముసలాయన కళ్ళు ఆ చేతి మీదే ఉన్నాయి.

"చెయ్యి తియ్యగానే తేరుకున్నాడా?"

"కాసేపటికి తేరుకున్నాడు నాన్నా."

ప్రసాదరావు భుజం మీది తువ్వాలు తీసి చేతుల్లో పట్టుకున్నాడు. దీవెన వంటింటి గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"లంక చుట్టూ వరదనీళ్ళు," అన్నాడు చివరికి. "దోనె వేసి ఏలూరు తీసుకుపోదామంటే గాలి. మంత్రసాని వచ్చింది. నిన్ను పక్క గుడిసెకి పంపేశాం. బిడ్డ దిగడం లేదని పైనుంచి నొక్కింది. నొక్కినప్పుడల్లా మీ అమ్మ పాలిపోయేది. తలకింద గుడ్డ తడిసిపోయింది. చెయ్యి తీస్తే మళ్ళీ తేరుకునేది, నన్ను చూసేది. మళ్ళీ నొక్కేది. మళ్ళీ అంతే."

"అమ్మ ఏమైనా అందా నాన్నా?"

"అంది." ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఇవి నొప్పులు కాదయ్యా, ఊడ్పుల్లో వచ్చేదే వచ్చింది, నొక్కొద్దని చెప్పు అంది. బిడ్డ పుట్టాడు. ఏడ్చాడు. ఆ ఏడుపు వింది. తలనొప్పి, తలనొప్పి అంటానే పోయింది. రక్తం కూడా ఎక్కువ పోలేదమ్మా. అంత మనిషి ఎందుకు పోయిందో ఎవరికీ అర్థం కాలేదు."

"మాకెప్పుడూ చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? అది ఏ రోగమో నాకు తెలిస్తే గదా! ఊరంతా ఒళ్ళొంగనిదన్నారు. చచ్చిపోయాక కూడా అదే మాట అంటారని నోరు మూసుకున్నాను. ఇప్పుడు మీరు దానికి పేరుందంటున్నారు, మాత్రలున్నాయంటున్నారు. ఇప్పుడు తెలిసి ఏం లాభం నాకు?"

గది తలుపు కిర్రుమంది. హెన్రీ గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. నెరిసిన జుట్టు, మోటార్ల నూనెతో నల్లబడ్డ వేళ్ళు. హన్నమ్మకి మాత్రం కొత్తచొక్కా అడిగిన పిల్లాడే కనిపించాడు.

"అయితే నావల్ల కాదా నాన్నా?" అన్నాడు.

"నీవల్లని నేనెప్పుడన్నాన్రా?"

"కాదని కూడా ఎప్పుడూ అనలేదు కదండీ."

రోడ్డు మీద లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. ప్రసాదరావు మంచం మీద కాస్త పక్కకి జరిగి, ఖాళీ అయిన చోట అరచేత్తో దులిపాడు. హెన్రీ వచ్చి అక్కడ కూర్చున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. తండ్రీకొడుకులు అంత దగ్గరగా కూర్చోవడం హన్నమ్మ ఇన్నేళ్ళలో చూడలేదు. అమ్మ ఉంటే, అనుకుంది. ఆ పైన అనుకోలేకపోయింది.

"ఫోన్ చెయ్యి దీవెనా," అంది. "డాక్టరమ్మకి చెబుదాం."

దీవెన నంబరు నొక్కి, అందరికీ వినపడేలా పెట్టి, మంచం మీద ఉంచింది. ప్రసాదరావే చెప్పాడు. చెప్పనన్న మనిషి ఇప్పుడు ఒక్క ముక్క కూడా వదలకుండా చెప్పాడు. ఊడ్పుల సంగతి చెప్పాడు, మంత్రసాని చెయ్యి సంగతి చెప్పాడు, తలకింద తడిసిన గుడ్డ సంగతి కూడా చెప్పాడు. అవతల డాక్టరమ్మ మధ్యలో "ఊఁ... ఊఁ..." అంటూ విన్నది.

"తాతగారూ, మీరు చాలా మేలు చేశారండీ," అంది చివరికి. "ఇన్నేళ్ళ తర్వాత కచ్చితంగా చెప్పలేంగానీ, మీరు చెప్పిందంతా దానికే సరిపోతుంది. ఇక దీన్ని వంశంలో వచ్చినదిగానే చూస్తాం. హెన్రీ గారికి మాత్రలు పడుతున్నాయి కాబట్టి కంగారు లేదు. ఆపరేషన్ బాగా జరుగుతుంది."

దీవెన "స్తోత్రం ప్రభువా" అని రెండు చేతులూ జోడించింది. హెన్రీ కళ్ళు మూసుకున్నాడు. హన్నమ్మకి ఇన్ని రోజుల్లో మొదటిసారి ఆకలేసింది.

"అన్నట్టు," అంది ఫోన్లో గొంతు, "ఇలా తల్లి నుంచి వచ్చినప్పుడు బిడ్డలకి సగానికి సగం అవకాశం ఉంటుంది. హన్నమ్మ గారూ, మీరూ పరీక్ష చేయించుకోవాలి. హెన్రీ గారికి పిల్లలెంతమందండీ?"

"ఒక్కతే కూతురండీ," అంది దీవెన. ఆ సంతోషంలోనే అనేసింది, "పురిటికొచ్చింది. ఈ నెలే."

అవతల మాట ఆగిపోయింది. లైను తెగిందేమోనని దీవెన ఫోన్ చేతిలోకి తీసుకుని చూసింది. తెగలేదు.

"ఎవరూ కంగారు పడకండి," అంది డాక్టరమ్మ. ఇందాకటి గొంతు కాదది. "ఆ అమ్మాయిని ఇప్పుడే బయల్దేరదీసి తీసుకురండి. సాయంత్రం కాదు, ఇప్పుడే. ఈలోపు ఎవరినీ పొట్ట మీద చెయ్యి వెయ్యనివ్వకండి. నొప్పులొస్తే కూడా దగ్గర్లో ఎక్కడా చేర్చకండి, నేరుగా ఇక్కడికే. బీపీ చూసి, పరీక్షకి పంపేదాకా నేను కదలను. ఆ అమ్మాయికి ఇబ్బందేమీ లేదు కదా?"

"లేదండీ, చక్కగా ఉంది. పొద్దున్నే..." అంటూ దీవెన వెనక్కి తిరిగింది.

రమ్య గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో ఎవరూ చూడలేదు. పై పెదవి మీద చెమట పట్టింది.

"కడుపుతో ఉన్నవాళ్ళకి చెమటలు మామూలేనన్నావు కదమ్మా," అంది. "అందుకే దడ సంగతి చెప్పలేదు. వంగి చెప్పులేసుకుంటుంటే నాకూ అలాగే వస్తుంది."

ప్రసాదరావు మంచం మీంచి లేవబోయి హెన్రీ భుజం పట్టుకున్నాడు. దీవెన చేతిలో ఫోన్లోంచి డాక్టరమ్మ అడుగుతూనే ఉంది, "హలో, ఎవరండీ ఆ మాటన్నది? హలో..."